జడుపు పట్టీ

ప్రయోగం మొదలైన రోజే అప్పలరాజు లారీ దిగి, సన్యాసిరావు మాస్టారిని నడిరోడ్డు మీద పట్టుకుని కొట్టాడు.

కొట్టడమంటే అలా ఇలా కాదు. సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మాస్టారు, సైకిలు, వెనక క్యారియర్‌కి కట్టిన పరీక్ష పేపర్ల సంచీ అన్నీ కలిసి పక్కనున్న కాలవలో పడ్డాయి. లేవబోతుంటే డొక్కలో తన్నాడు. చక్రాల బోల్టులు బిగించే స్పానర్ ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో మాస్టారి కాలరు పట్టుకుని, "నా గుండె ఆపీడానికి సూస్తన్నావేట్రా?" అన్నాడు. వెనక జీపులో వస్తున్న సుగుణ పరుగెత్తుకొచ్చి అడ్డం పడకపోతే ఆ స్పానర్ మాస్టారి నెత్తి మీద దిగేదే. అప్పటికే ఆయన పెదవి చిట్లి, చొక్కా ముందుభాగమంతా నెత్తురైంది.

సుగుణ ఎవరో కాదు, మాస్టారి భార్య. అప్పలరాజుకి ఆ గుండెదడ పుట్టించిన యంత్రం చేసింది కూడా ఆవిడే.

విశాఖపట్నం పోర్టు రోడ్డు మీద ఒక్కసారైనా సైకిలు తొక్కినవాళ్ళకి ఆ యంత్రం ఎందుకు పుట్టిందో చెప్పక్కర్లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత. ఆ రోడ్డు మీద కంటైనర్ లారీ బస్సుని తోస్తుంది, బస్సు కారుని తోస్తుంది, కారు ఆటోని తోస్తుంది. అందరూ కలిసి సైకిలువాణ్ణి కాలవలోకి తోస్తారు. అక్కడితో సామెత అయిపోతుంది, ఎందుకంటే సైకిలువాడికి తన్నడానికి ఎవరూ మిగలరు.

సన్యాసిరావు మాస్టారిని కొన్నేళ్ళ కిందట ఒక లారీ అలాగే తోసింది. తొడ ఎముక విరిగి, లోపల ఇనపకడ్డీ వేయించుకుని లేచాడు. లేచాక మళ్ళీ సైకిలే ఎక్కాడు. బండి కొందామని సుగుణ ఎన్నిసార్లు పోరినా, నలుగుర్ని బెదరగొట్టే వాహనం నాకొద్దనేవాడు. అలాగని ఆయనకి ధైర్యమూ లేదు. వెనక హారన్ వినపడితే చాలు, రెండు భుజాలూ చెవుల దాకా లేచిపోయేవి. వంతెన దగ్గర రోడ్డు ఎడమకి తిరిగేచోట ఏనాడూ తొక్కేవాడు కాదు. సైకిలు దిగి, రోడ్డు వారగా నడిపించుకుంటూ వెళ్ళి, మలుపు దాటాక మళ్ళీ ఎక్కేవాడు. పిల్లలు నవ్వినా సరే, దిగడం మాత్రం మానలేదు.

సుగుణ ఇంజినీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో నరాల మీద పరిశోధన చేసేది. లేచిన ఆ భుజాలు రోజూ చూసి చూసి ఆవిడకి ఒకటే ఆలోచన పట్టుకుంది. ఈ బెదురు ఈయన ఒంట్లోనే ఉండిపోతే ఏం లాభం, అది వెనక వస్తున్నవాడి ఒంట్లోకి వెళ్ళాలి. బండ్లలో కూతపెట్టే యంత్రాలూ, కెమెరాలూ అప్పటికే వచ్చాయి. రోజంతా తన హారన్ మోత తానే వినే డ్రైవరుకి ఇంకో కూత ఒక లెక్కా? వాటి వైర్లు పీకేసి హాయిగా తోలుకునేవాళ్ళు.

అందుకని రెండు పట్టీలు చేసింది. ఒకటి సైకిలువాడి మణికట్టుకి, ఇంకొకటి డ్రైవరు ముంజేతికి. సైకిలువాడి గుండె ఒక్కసారి ఎగిసిపడిందా, చేతికి చెమట పట్టి కండ బిగిసిందా, అరక్షణంలో దగ్గర్లో ఉన్న డ్రైవరు పట్టీ అతని నరాల్ని మీటి అదే జడుపు అతనిలోనూ పుట్టిస్తుంది. అంతకు మించి అందులో మంత్రం లేదు. మొదటి పరీక్షకి మాస్టారే సైకిలు తొక్కుతానన్నాడు. ప్రయోగశాలలో లెక్కలన్నీ ఆయన భయంతోనే కట్టారు మరి.

అప్పలరాజుకి మాత్రం పట్టీ కట్టి, ఏదో సంకేతం వస్తుంది చూసుకో అన్నారు తప్ప, వచ్చేది భయమని చెప్పలేదు. చెబితే ఫలితం చెడుతుందని సుగుణ చెప్పనివ్వలేదు. పాపం అతనికి గుండెపోటు వచ్చిందనుకున్నాడు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది, మెడ బిగిసింది, కళ్ళు బైర్లు కమ్మాయి. అద్దంలో చూస్తే, చేతికి తనలాంటి పట్టీయే ఉన్న ఒక బక్క మనిషి సైకిలు మీద కనిపించాడు. ఆ తర్వాత జరిగింది ముందే చెప్పాను. భయం పరాయిదైనా కోపం మాత్రం మనకి సొంతంగానే పుడుతుంది.

ఆ సంగతి సుగుణకి ఆ రోజే తెలియాల్సింది. ఆవిడ పట్టీ మీటే జోరు కొంచెం తగ్గించి, డ్రైవర్లకి ముందే విషయం చెప్పాలని రాసుకుని ఊరుకుంది.

మర్నాడు అప్పలరాజు ఒక గెల తాటిముంజలు పట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు. మాస్టారు వాచిన పెదవితోనే లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. అప్పలరాజు కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రోజూ ఇంత భయంతోటే తొక్కుతారేటి మాస్టారూ?" అన్నాడు.

"అలవాటైపోయింది," అన్నాడు మాస్టారు.

అప్పలరాజు తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా లారీ తోలుతున్నాడు. అతని వెనకా పక్కనా ఎంతమంది ఇలా తొక్కి ఉంటారో అప్పటిదాకా తట్టలేదు. ఆ క్షణంలో సుగుణకి తన పని మీద కొండంత నమ్మకం కలిగింది. ఆవిడ కోరుకున్నది ఒక్కటే, తన మొగుడు పొద్దున్న వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలి. దానికి దారి దొరికిందనుకుంది.

తర్వాతి నెలల్లో ఇంకొందరు సైకిలువాళ్ళకీ పట్టీలు కట్టారు. అప్పలరాజు మాస్టారి భయాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. లారీ ఎత్తులోంచి సైకిలు కనపడకపోయినా, పట్టీ మీటగానే, మాస్టారు ఎడమపక్కనున్నారనేసి బ్రేకు తొక్కేవాడు. ప్రయోగశాలలో అడిగితే వివరంగా చెప్పేవాడు. మాస్టారి భయం ముందు కడుపులో పుట్టి, తర్వాత మెడకి ఎక్కుతుందట. పాలవాళ్ళ భయం అలా కాదు, చెంపదెబ్బలాగా వచ్చి పోతుందట. మేస్త్రీ పనికి వెళ్ళే ఆడవాళ్ళది మోకాళ్ళలో మొదలవుతుందట. సుగుణ అవన్నీ ముచ్చటపడి వినేది.

ఫలితాలు బాగున్నాయని ఊరంతటికీ పట్టీలు తప్పనిసరి చేశారు. సైకిలువాళ్ళకి ఉచితంగా పంచారు. పెద్ద బళ్ళకి, పట్టీ కట్టుకోకపోతే ఇంజను స్టార్టవకుండా తాళం పెట్టారు.

అక్కడ మొదలైంది రక్తపాతం.

ప్రయోగంలో అప్పలరాజుకి రోజుకి పదో ఇరవయ్యో జడుపులు వచ్చేవి. ఊరిమీద పడ్డాక ఒక్కో డ్రైవరుకి వందలు. పొద్దున్న ఎక్కినవాడు మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడి దిగేవాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, అందరి భయమూ కలిపి చేతికి చిక్కిన ఒక్కడి మీద తీర్చుకునేవాడు. ఒక బస్సు డ్రైవరు దిగి పాలవాడి మోచెయ్యి జాకీ రాడ్డుతో విరగ్గొట్టాడు. ఇంకొకడు సైకిలుని బంపరుకి తగిలించుకుని, తొక్కేవాడితో సహా లారీలు తూచే కాంటా దాకా ఈడ్చుకెళ్ళాడు. దానికి జవాబుగా సైకిలువాళ్ళు బైపాస్ మీద ఒక లారీని ఆపి తగలబెట్టారు. డ్రైవరు దూకేశాడు. క్యాబిన్ వెనక నిద్రపోతున్న క్లీనరు దూకలేకపోయాడు. అతన్ని బయటికి లాగినప్పుడు చర్మం సీటుకే అంటుకుపోయింది.

పోనీ కొట్టుకుంటే తగ్గుతుందా అంటే, అదీ లేదు. కొడతారన్న భయంతో సైకిలువాళ్ళు ఇంకా బెదిరేవాళ్ళు. ఆ బెదురంతా మళ్ళీ డ్రైవర్ల ఒంట్లోకే వెళ్ళేది. డ్రైవర్లు ఇంకా కొట్టేవాళ్ళు. సుగుణ ప్రయోగశాలలో తెర మీద ఊరంతటి భయం ఒక గీతలా పైకి పాకుతుంటే చూస్తూ కూర్చునేది. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. మాస్టారిని సెలవు పెట్టమని బతిమాలింది. పరీక్షల ముందు పిల్లల్ని వదిలేసి ఎలా కూర్చోనన్నాడు ఆయన.

ఆ గొడవని ఆపింది సుగుణా కాదు, పోలీసులూ కాదు. పైడమ్మ ఆపింది.

పైడమ్మ సుగుణ తల్లి. వాళ్ళతోనే ఉంటుంది. ఆ వైపు పిల్లలు దేన్నైనా చూసి జడుసుకుంటే, ఆంజనేయస్వామి గుళ్ళో పసుపుతాడు కట్టించి, సిందూరం పెట్టి, జడుపు పోయిందని చెప్పడం మామూలే. తాడు కట్టాక ఏ పిల్లాడైనా నిద్రలో ఉలిక్కిపడడం మానేస్తాడు. అల్లుడు రోజూ మొహం పాలిపోయి ఇంటికి రావడం చూసి, పైడమ్మ ఒకరోజు ఆయన పట్టీని గుడికి పట్టుకెళ్ళి, దానికి పసుపుతాడు చుట్టించి, సిందూరం రాయించి తెచ్చింది.

"ఇంక నీకు జడుపు నేదు బాబూ. దీన్ని నమ్ముకోని ఎల్లు," అని తనే ఆయన చేతికి కట్టింది.

సుగుణ నవ్వి ఊరుకుంది. తాడు వల్ల పట్టీకి నష్టమేం లేదని చూసుకుంది కూడా. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఆ రోజు భుజాలు కొంచెం దించి తొక్కాడు.

గుళ్ళో చూసినవాళ్ళు ఊరుకుంటారా? వారం తిరక్కుండా పాలవాళ్ళు, పేపరు వేసేవాళ్ళు, మేస్త్రీ పనివాళ్ళు అందరూ గుడి ముందు వరస కట్టారు. సర్కారు ఇచ్చిన పట్టీ జడుపు తీసే తాయెత్తు అయిపోయింది. పట్టీ నిజానికి జడుపు తీసేది కాదు, జడుపుని మోసుకెళ్ళేది. ఆ తేడా ఎవరికీ పట్టలేదు. పట్టీ ఉంది గదా అని సైకిలువాళ్ళ గుండెలు నిదానించాయి. డ్రైవర్ల చేతుల మీద పట్టీలు మీటడం తగ్గింది. స్పానర్లు మళ్ళీ సీట్ల కిందకి వెళ్ళాయి.

తెర మీద గీత కిందికి దిగింది. సుగుణ దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరూ బెదరడం లేదంటే ఎవరూ బెదిరించడం లేదనే ఆవిడ లెక్క. అధికారులు కూడా ఆ లెక్కే చెప్పి శాలువా కప్పారు. అన్నిటికంటే ఆవిడకి ఎక్కువ ఆనందమిచ్చింది అదే తెర మీద విడిగా కనపడే మాస్టారి గీత. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన రోడ్డు మీద పాట పాడడం ఆవిడ ఎరగదు. ఇప్పుడు వీధి చివర నుంచే కూనిరాగం వినపడేది. నిద్రలో కాలు విదిలించడం కూడా పోయింది.

"నీ పట్టీ పుణ్యమే సుగుణా. నిన్న వంతెన మలుపు తొక్కుకుంటూనే దాటాను, తెలుసా?" అన్నాడు ఒకరోజు, పిల్లాడు ఈత నేర్చుకున్నానని చెప్పినట్టు.

సుగుణ మురిసిపోయింది.

అది జరిగింది మిట్టమధ్యాహ్నం. సుగుణ ప్రయోగశాలలో పక్క ఊరి నుంచి వచ్చిన ఇంజినీర్లకి తెర చూపిస్తోంది. మాస్టారి గీత చెరువు నీళ్ళలా కదలకుండా ఉంది. ఎంత ప్రశాంతంగా ఉందో చూడమని ఆవిడే వేలు పెట్టి చూపించింది. ఆ వేలు కిందనే గీత ఒక్కసారి తెర పైఅంచు దాకా లేచింది. లేచి, అక్కణ్ణుంచి నిటారుగా పడిపోయి అడుగున ఆగిపోయింది.

సుగుణ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి వచ్చి ఆటో ఎక్కింది.

వంతెన మలుపు దగ్గర జనం. కంటైనర్ లారీ ఎడమకి సగం తిరిగి ఆగి ఉంది. వెనక చక్రాల కింద సైకిలు ముద్దయి ఉంది. మాస్టారి నడుము నుంచి కిందిభాగం చక్రాల అవతల, పైభాగం ఇవతల. మొహానికి ఏం కాలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ చేతికి పట్టీ, దాని మీద పసుపుతాడు, సిందూరం అలాగే ఉన్నాయి.

ఆవిడ ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. పక్కనే ఇంకొకణ్ణి చంపుతున్నారు. అప్పలరాజుని క్యాబిన్‌లోంచి కాళ్ళు పట్టి లాగేశారు. ఒకడు సైకిలు చైను చేతికి చుట్టుకుని మొహం మీద బాదుతున్నాడు. ఇంకొకడు గాలికొట్టే పంపుతో మోకాళ్ళ మీద కొడుతున్నాడు. ఇద్దరు చేతులు విరిచి పట్టుకున్నారు, ఒక చెయ్యి అప్పటికే వెనక్కి వేలాడుతోంది. అప్పలరాజు అరవడం లేదు. మాస్టారి వైపే చూస్తున్నాడు. కొడుతున్నవాళ్ళందరి చేతులకీ పట్టీలున్నాయి. అప్పలరాజు చేతి పట్టీ మాత్రం ఆ దెబ్బల మధ్య ఒక్కసారి కూడా మీటలేదు. వాళ్ళలో ఒక్కడికీ భయం లేదు. కోపాన్ని మోసుకెళ్ళే పట్టీ ఎవరూ చెయ్యలేదు.

సుగుణ జనంలోకి తోసుకుని వెళ్ళింది. ఎవరిదో మోచెయ్యి తగిలి నోరు పగిలింది. తప్పుకోమ్మా నీకెందుకని ఎవరో పక్కకి లాగారు.

"చచ్చిపోయినోడు నా మొగుడు," అంది సుగుణ. "ఇతన్ని వదలండి."

చైను పట్టుకున్నవాడి చెయ్యి ఆగింది. ఆవిడ అప్పలరాజు మీదకి వంగి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. ఒకవైపు మొగుడి నెత్తురు, ఒకవైపు మొగుణ్ణి చంపినవాడి నెత్తురు, రెండూ చీరకి అంటుకున్నాయి.

దినాలయ్యాక సుగుణ ఆసుపత్రికి వెళ్ళింది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడు. అప్పలరాజు రెండు చేతులకీ కట్లు. ఒక కన్ను పోయింది. ఆవిణ్ణి చూసి లేవబోయి, లేవలేకపోయాడు.

"అద్దం సూడనేదమ్మా," అన్నాడు. "ఒకప్పుడు ఆ మలుపుకాడ మూడుసార్లు సూసీవోణ్ణి. పట్టీ వొచ్చినాక సూడ్డం మానీసినాను. ఎవులన్నా ఉంటే అదే సెప్తాది గదా. మాస్టారి భయం నాకెరికే. ఆ రోజు రానేదు. రాకపోతే ఆయన నేరనుకున్నాను."

సుగుణ కట్టు కట్టిన అతని ముంజేతి వైపు చూసింది.

"వొచ్చిందమ్మా, సక్రం ఎక్కీసాక. ముందు కడుపులోన. తరవాత మెడకి. ఆయందే. పట్టీ కోసీసినారు గానీ, అది ఇంకా పోనేదు."

సుగుణ మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అన్నేళ్ళూ ఆయన్ని బతికించింది ఆ భయమే. లేచిన ఆ భుజాలు, సైకిలు దిగి నడవడం, పిల్లలు నవ్విన ఆ పిరికితనం, అవే ఆయన్ని సాయంత్రాలు ఇంటికి తెచ్చాయి. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి ఇంకొకడి చేతికి కట్టింది. ఆయన ధైర్యంగా ఉన్నాడని మురిసింది.

పట్టీలు ఆపెయ్యమని అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. గొడవలు ఆగిపోయాయి, రోడ్లు నెమ్మదించాయి, ఒక్క దురదృష్టం చూసి వెనక్కి పోలేం, మీ బాధ అర్థమైందన్నాడు. బెదరనివాణ్ణి ఆ పట్టీ చూడలేదని సుగుణ చెప్పింది. అయితే బెదరనివాణ్ణి కూడా చూసేలా బాగుచెయ్యండి అన్నాడు ఆయన. లేని భయాన్ని పుట్టించే విద్య తనకి రాదంది సుగుణ. ఆ మాట ఆయనకి నచ్చలేదు. ఇక మిగిలింది కోర్టు. అప్పలరాజు కేసు విచారణకి వచ్చే రోజున, తప్పు అతనొక్కడిది కాదని, పట్టీదని, తనదని చెప్పడానికి సాక్షిగా పేరు ఇచ్చింది.

ఆ రోజు పొద్దున్న అటక మీదుండే మాస్టారి పాత సైకిలు దింపి తుడిచింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి వీధిలో ఏ హారన్ మోగినా ఆవిడ ఉలిక్కిపడుతోంది. గిన్నె చేతిలోంచి జారిపోతోంది. పైడమ్మ అది చూస్తూనే ఉంది. పాపం ముసలావిడకి తను కట్టిన తాడు సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం సుగుణకీ లేదు. పైడమ్మ గుడి నుంచి కొత్త పసుపుతాడు తెచ్చి, సిందూరం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"జడిసిపోయినావే పిల్లా. సెయ్యి ఇలాగియ్యి, తీసీస్తాను."

సుగుణ చెయ్యి చాపలేదు. తల్లి చేతిలోని తాడుని మెల్లగా మడిచి ఆవిడ కొంగులోనే పెట్టింది.

"వద్దమ్మా," అంది. "ఈ జడుపు ఉండనీ."

ఇంకేం చెప్పకుండా, మణికట్టుకి ఉత్త పట్టీ కట్టుకుని సైకిలెక్కింది. పోర్టు రోడ్డు మీదకి రాగానే వెనక లారీ హారన్ మోగింది. ఆవిడ భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. గుండె గొంతులోకి వచ్చింది. హ్యాండిల్ మీద చేతులు తడిసిపోయాయి. వెనక లారీ వేగం తగ్గించింది. వంతెన దగ్గర రోడ్డు ఎడమకి తిరిగేచోట సుగుణ సైకిలు దిగి, రోడ్డు వారగా నడిపించుకుంటూ మలుపు దాటింది.